విషయాంతరానికి ముందస్తు అనుమతి

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి కాగేలోపు పేపరు చూద్దామని ప్రొఫెసర్ భానుమూర్తి వరండాలోకి వెళ్ళాడు. పేపర్లో బందరు రేవు గురించి ఏదో వార్త ఉంది. బందరు అనగానే డచ్చివాళ్ళు గుర్తొచ్చారు. డచ్చివాళ్ళ సమాధుల మీద అక్షరాల గురించి ఒక పుస్తకం ఇంట్లో ఎక్కడో ఉండాలి కదా అని లోపలికొచ్చి బీరువా తెరిచాడు. పుస్తకం దొరకలేదు గానీ, కిందటేడు పోయిందనుకున్న కళ్ళజోడు దొరికింది. అది పెట్టుకుని చూస్తే అటక మీద ఇంకో పుస్తకాల కట్ట కనిపించింది. ఆయన అటకెక్కి కట్ట విప్పుతుండగా వంటింట్లో పాలు పొంగి పొయ్యిని ముంచేశాయి.

ఇందుమతి పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసి, అటక కింద నిలబడి, "ఏవండీ, పాలు!" అంది.

"ఏం పాలు?" అన్నాడు భానుమూర్తి పైనుంచి, ఎంతో మర్యాదగా.

ఇందుమతి జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. పెళ్ళయిన కొత్తలో ఇదంతా నిర్లక్ష్యం అనుకుంది. కొన్నాళ్ళకి పొగరు అనుకుంది. తర్వాత తన ఖర్మ అనుకుని ఊరుకుంది. చివరికి కిందటేడు బలవంతాన కాకినాడలో డాక్టరు దగ్గరికి లాక్కెళితే, ఆయన పూటంతా కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, దీన్ని ఏ.డి.హెచ్.డి. అంటారని తేల్చాడు. ఇది చిన్నపిల్లలకే కాదు, పెద్దవాళ్ళకీ ఉంటుందనీ, బద్ధకమూ కాదు, పొగరూ కాదనీ, ధ్యాసకి కట్టిన పగ్గం కొంచెం వదులుగా ఉండటమనీ చెప్పి మందు రాసిచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇందుమతి కళ్ళు తుడుచుకుంది.

"ఇన్నేళ్ళూ ఊరికే తిట్టానండీ మిమ్మల్ని."

"పర్లేదులే ఇందూ. నేను సగం వినలేదు" అన్నాడు భానుమూర్తి.

మందు కొంత పనిచేసింది. మిగతాది ఇందుమతి చూసుకునేది. బయటికి వెళ్ళేటప్పుడు తాళాలు మెళ్ళో వేసేది, కాయితాలు జేబులో పెట్టి జేబుకి పిన్నీసు పెట్టేది. ముఖ్యమైన పనైతే తనే వెంట వెళ్ళి గుమ్మందాకా దింపి వచ్చేది.

కానీ ఇంట్లో ఇన్ని తిప్పలు పెట్టే ఆ వదులు పగ్గమే క్లాసులో ఆయనకి అన్నం పెట్టింది. ఎమ్మే మొదటి ఏడు పిల్లలకి ఆయన చరిత్ర చెబుతుంటే, పక్క డిపార్టుమెంట్ల పిల్లలు కూడా కిటికీల్లోంచి వినేవాళ్ళు. శాసనంతో మొదలుపెట్టి ఉప్పుబండి ఎక్కి, సంతలో దిగి, సంతలోంచి కోటలోకి దూరి, గంట కొట్టే సమయానికి మళ్ళీ ఆ శాసనం ముందే నిలబెట్టేవాడు. హాజరు తీసుకోవడం మాత్రం మరిచిపోయేవాడు. తీసుకోకపోయినా అందరూ ఉండేవాళ్ళు. ఆ క్లాసులో ఉన్నంతసేపే భానుమూర్తి బుర్ర భానుమూర్తి మాట వినేది. ఎదురుగా పిల్లల మొహాలు కనబడితే చాలు, తెగిపోయిన దారాలన్నీ ఒక్కచోటికి చేరేవి. ఆయనకి ఈ లోకంలో కావలసిందల్లా ఆ క్లాసు.

గోదావరి జిల్లాల్లో ఉన్న ఆ విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అనవసరం. చెబితే మిగతావి అలుగుతాయి.

ఆ వేసవిలో వైస్ ఛాన్సలర్ గారు ఏదో కొండ ఊళ్ళో శిక్షణ శిబిరానికి వెళ్ళి, వారం పాటు ఒక కొవ్వొత్తి వంక చూసి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి ఎటు చూసినా ఏకాగ్రత లేకపోవడమే కనబడింది. అధ్యాపకులందర్నీ సమావేశపరిచి, ఇది ఏకాగ్రతా సంవత్సరం అని ప్రకటించారు. ఆ ప్రకటన మధ్యలో ఫోను వస్తే మూడుసార్లు బయటికెళ్ళి మాట్లాడి వచ్చారు గానీ, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఉత్సాహం వైస్ ఛాన్సలర్ గారిదైతే, దానికి కాళ్ళూ చేతులూ మొలిపించేది రిజిస్ట్రార్ పరాంకుశం గారు. ఆయన ఏ మాటా మామూలుగా మాట్లాడరు. ఇంట్లో కాఫీ కావాలన్నా "కాఫీ సరఫరాకు తగు చర్యలు గైకొనవలసినది" అంటారని ఆఫీసులో చెప్పుకుంటారు. వారం తిరక్కుండా ఆయన సంతకంతో సర్క్యులర్ వచ్చింది:

"పాఠ్యాంశమునకు సంబంధము లేని ఏ విషయమునైనను బోధనా సమయమున ప్రస్తావించుట విషయాంతర గమనముగా పరిగణింపబడును. ముమ్మారు విషయాంతర గమనమునకు పాల్పడిన ఆచార్యుల బోధనా బాధ్యతలు ఉపసంహరింపబడి, వారి సేవలు పరీక్షల విభాగపు గిడ్డంగిలో వినియోగించుకొనబడును."

గిడ్డంగి అంటే పాత జవాబు పత్రాల కట్టలు పేర్చిన రేకుల షెడ్డు. అక్కడ కట్టలకి పురికొస బిగించడం తప్ప వేరే పని లేదు. మాట్లాడటానికి మనిషి లేడు. సర్క్యులర్ చదివి భానుమూర్తి ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. జీతం పోతుందని కాదు, క్లాసు పోతుందని.

క్లాసుకొక ఏకాగ్రతా పర్యవేక్షకుణ్ణి వేశారు. విషయాంతరం జరగ్గానే కొట్టడానికి అతనికి ఒక ఇత్తడి గంట ఇచ్చారు. భానుమూర్తి క్లాసుకి కామర్స్ నుంచి వరహాలరావు అనే లెక్చరర్ వచ్చాడు. పాపం మంచివాడు. ఎవరికీ చెడ్డ చెయ్యాలని లేదు గానీ, చేతిలో గంట ఉన్నాక ఎవరు మాత్రం కొట్టకుండా ఉండగలరు?

మొదటిరోజు పాఠం విజయనగర రాజుల ఆదాయ వ్యయాలు. భానుమూర్తి చొక్కా చేతులు మడిచి, సిలబస్ గీత దాటకూడదని గట్టిగా అనుకుని మొదలుపెట్టాడు.

"శిస్తులొచ్చాయి, సుంకాలొచ్చాయి. ఆ డబ్బుతో రాజులు ఏం కొన్నారు?"

"గుర్రాలు సార్" అంది ముందు బెంచీలోంచి సువార్త. ఆ క్లాసులో భానుమూర్తి కంటే ఒక ప్రశ్న ముందుండే పిల్ల తనే.

"గుర్రాలు ఎక్కణ్ణించి వచ్చాయి?"

"అరబ్బు దేశాల నుంచండి. పోర్చుగీసువాళ్ళు తెచ్చారు."

"మరి ఆ పోర్చుగీసువాళ్ళ ఓడల్లో గుర్రాలే వచ్చాయా?"

వరహాలరావు గంట మీద చెయ్యి వేశాడు. భానుమూర్తి అది చూశాడు. నోరు కట్టేసుకుందామనే అనుకున్నాడు. కానీ అప్పటికే మాట గడప దాటేసింది.

"మిరపకాయ కూడా వాళ్ళతోనే వచ్చింది!"

ఠంగ్!

"గంటెందుకు కొట్టారండీ?" అంది సువార్త.

"సిలబస్‌లో మిరపకాయ లేదమ్మా" అన్నాడు వరహాలరావు నొచ్చుకుంటూ.

"మిరపకాయ లేనప్పుడు మనోళ్ళు కారం ఏం తిన్నార్సార్?" అని వెనక బెంచీలోంచి ఒక గొంతు.

"మిరియాలు!" అన్నాడు భానుమూర్తి.

ఠంగ్!

ఇక ఒక్కటే మిగిలింది. భానుమూర్తి రెండు పెదవులూ బిగించి, బోర్డు వైపు తిరిగి, శిస్తు అని పెద్ద అక్షరాలతో రాశాడు. అప్పుడు వెనకనుంచి నెమ్మదిగా వినబడింది:

"అంటే మరి... ఆవకాయ ఎలా పెట్టేవారండీ?"

అడిగింది వరహాలరావే. అడిగాక నాలిక కరుచుకున్నాడు. నిజాయితీపరుడు కాబట్టి తన ప్రశ్నకి తనే గంట కొట్టాడు. కానీ గంట మోగింది భానుమూర్తి క్లాసులో. అందుకని అది కూడా భానుమూర్తి ఖాతాలోనే పడింది.

మర్నాడు ఇందుమతి డాక్టరిచ్చిన ధ్రువపత్రాన్ని భర్త జేబులో పెట్టి, పిన్నీసు పెట్టి, రిజిస్ట్రార్ గారి గది దాకా తనే తీసుకెళ్ళింది.

పరాంకుశం గారు ధ్రువపత్రాన్ని రెండుసార్లు చదివి పక్కన పెట్టారు. "ప్రొఫెసర్ గారూ, తమ ధ్యాస పక్కకు మళ్ళునని వైద్యులు ధ్రువీకరించారు. సంతోషం. విశ్వవిద్యాలయం సానుభూతితో పరిశీలించును. ఇకమీదట తాము ఏ విషయాంతరమునకు వెళ్ళదలచినదీ మూడు పనిదినములు ముందుగా తెలిపి అనుమతి పొందవచ్చును."

"ఎక్కడికి వెళ్తానో వెళ్ళాక గానీ నాకే తెలీదండి" అన్నాడు భానుమూర్తి.

"తెలియని చోటికి అనుమతి ఇచ్చుటకు నిబంధనలలో వీలు లేదు."

"నాకు వేరే ఏమీ వద్దండి. ఆ గంట తీసేసి నా క్లాసు నాకుంచితే చాలు."

ఇందుమతి కల్పించుకుంది. "సార్, చూపు ఆననివాళ్ళకి కళ్ళజోడు పెట్టుకోనిస్తారు కదా. ఇదీ అంతే. ఆయన పద్ధతిలో ఆయన్ని చెప్పుకోనివ్వండి."

పరాంకుశం గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఆయన చెడ్డవాడు కాదు. నిబంధన దొరికితే ఎంత మేలైనా చేస్తారు. "ఒక మార్గమున్నది. తమకు వారమునకు పది నిమిషముల విషయాంతర కోటా మంజూరు చేయవచ్చును. పూర్వము మ్రోగిన మూడు గంటలు దాని కింద సర్దుబాటగును. అయితే ఒక్కరికే ఇచ్చిన పక్షపాతమగును. కావున అందరు ఆచార్యులకును సమానముగా ఇవ్వవలసి యుండును."

"కళ్ళు బాగున్నవాళ్ళక్కూడా కళ్ళజోళ్ళు ఇస్తారా?" అంది ఇందుమతి.

"సమానత్వమమ్మా" అన్నారు పరాంకుశం గారు చెయ్యి గుండె మీద పెట్టుకుని.

అలా విశ్వవిద్యాలయంలో ప్రతి ఆచార్యుడికీ విషయాంతర కోటా వచ్చింది. భానుమూర్తి తన వారం కోటాని సోమవారం పొద్దున్న, ఇంకా సుద్దముక్క వెతుక్కుంటుండగానే ఖర్చుపెట్టేసేవాడు. ఆ తర్వాత వారమంతా వరహాలరావు గంట పట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు. మిగతావాళ్ళు మాత్రం తమ కోటాని ముట్టుకోనేలేదు. లెక్కల ప్రొఫెసరు సిద్ధాంతాలు తప్ప ఏమీ మాట్లాడి ఎరగడు. రసాయన శాస్త్రం ఆయన అవి కూడా మాట్లాడడు, బోర్డు మీద రాస్తాడు.

ఇంతలో మార్చి వచ్చింది. మార్చి అంటే మన ఆఫీసులకి పండగ. బాగున్న రోడ్డు తవ్వేదీ, తవ్విన రోడ్డు పూడ్చేదీ, గోడలకి వేసిన రంగు మీదే మళ్ళీ రంగు వేసేదీ ఆ నెలలోనే. పరాంకుశం గారి బల్ల మీదికి కోటా లెక్కలు వచ్చేసరికి ఆయనకి ముచ్చెమటలు పట్టాయి. మంజూరైనదాంట్లో చాలా భాగం అలాగే మిగిలి ఉంది. సాయంత్రానికల్లా సర్క్యులర్ దిగింది:

"మంజూరైన విషయాంతర సమయమును మార్చి నెలాఖరులోగా సంపూర్ణముగా వినియోగించనిచో అది మురిగిపోవును. అంతేగాక వచ్చే సంవత్సరము ఆయా విభాగముల కోటా ఆ మేరకు కుదింపబడును. శాఖాధిపతులు వినియోగ ధ్రువపత్రము సమర్పించవలెను."

కోటా తమకెందుకో ఒక్కరికీ తెలీదు. కానీ తమకి వచ్చింది మురిగిపోవడమంటే ఎవరికి ప్రాణం ఒప్పుతుంది? పక్క డిపార్టుమెంటు వాడేసుకుంటే? విశ్వవిద్యాలయం నడుం బిగించింది.

లెక్కల ప్రొఫెసరు క్లాసులో సుద్దముక్క కింద పెట్టి, చెమటలు కక్కుతూ చాలాసేపు నిలబడి, చివరికి తన బావమరిది గేదెని కొన్న వైనం ఎత్తుకున్నాడు. మొదట్లో మాటకీ మాటకీ మధ్య బోలెడు ఖాళీ ఉండేది. రెండో వారానికి ఆ గేదె ఈని, పాలు ఇవ్వనని మొరాయించి, కోర్టు దాకా వెళ్ళింది. రసాయన శాస్త్రం ఆయన తన మోకాళ్ళ నొప్పుల గురించి బోర్డు నిండా రాశాడు. కామర్స్ వాళ్ళు ఆలస్యంగా మొదలుపెట్టారు కాబట్టి, సాయంత్రాలు కూడా క్లాసులు పెట్టి మరీ విషయాంతరాలు చెప్పుకున్నారు. ఫిజిక్స్ వాళ్ళకి ఎంత ప్రయత్నించినా విషయాంతరం పట్టుబడలేదు. దాంతో బయటినుంచి నిపుణుల కోసం టెండరు పిలిచారు. అందరికంటే తక్కువకి ఒప్పుకున్నది ఆ ఊరి పెళ్ళిళ్ళ పేరయ్య. ఆయన రోజూ వచ్చి క్వాంటం మెకానిక్స్ గంటలో ఏ ఊళ్ళో ఎవరికి సంబంధాలు చూస్తున్నారో చెప్పేవాడు. నెలాఖరుకి ఇద్దరు లెక్చరర్లకి ముహూర్తాలు పెట్టించి, వినియోగ ధ్రువపత్రం మీద సాక్షి సంతకం కూడా చేశాడు.

ఇంత హోరులో, ఆ విశ్వవిద్యాలయం మొత్తం మీద సిలబస్ తప్ప మరొక్క ముక్క వినబడని క్లాసు ఒక్కటే. అది భానుమూర్తిది. కోటా అయిపోయిన మనిషి మరేం చేస్తాడు? ఏ రాజు ఎప్పుడు పట్టాభిషిక్తుడయ్యాడో, ఎప్పుడు పోయాడో చెప్పి ఊరుకునేవాడు. కిటికీల్లోంచి వినేవాళ్ళు వెళ్ళిపోయారు. ఒకరోజు క్లాసయ్యాక సువార్త ఆయన వెనకాలే వరండాలోకి వచ్చింది.

"ఒంట్లో బాలేదాండీ?"

"బానే ఉందమ్మా."

"మరి మీరు చెప్తున్నది పుస్తకంలో ఉందిగా సార్. అది మేం చదూకుంటాం."

ఆ మాట భానుమూర్తికి ఎక్కడో తగిలింది. ఆ పిల్ల నిష్ఠూరంగా అనలేదు, జాలిగా అంది. అందుకే మరీ బాధేసింది. ఆ సాయంత్రం ఆయన స్కూటరుని కాంపస్‌లోనే మరిచిపోయి, నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

ఏప్రిల్‌లో తేలిందేమిటంటే, ఏ క్లాసులోనూ సిలబస్ సగం కూడా కాలేదు. సెలవులు రద్దయ్యాయి. వైస్ ఛాన్సలర్ గారు బల్ల గుద్దారు. "ఏకాగ్రతా సంవత్సరంలో గేదెలేవిటయ్యా? ఈ విషయాంతరాలకి మూలపురుషుడెవడు?" పరాంకుశం గారు ఫైలు తిరగేశారు. ఫైలు అడుగున మొట్టమొదటి కాయితం భానుమూర్తి ధ్రువపత్రం. ఇంకేముంది, విచారణ పూర్తయ్యేదాకా ఆయన్ని క్లాసుకి వెళ్ళొద్దన్నారు. క్లాసుని ఒక గెస్టు లెక్చరరుకి అప్పగించారు. అతను వచ్చి, కూర్చుని, నోట్సు చెప్పి వెళ్ళేవాడు.

ఫిజిక్స్ ప్రొఫెసర్ వజ్రపాణి గారి అధ్యక్షతన త్రిసభ్య కమిటీ కూర్చుంది. ప్రతి మాటా పొల్లుపోకుండా రాయడానికి ఒక స్టెనోని కూడా వేశారు.

"ప్రొఫెసర్ భానుమూర్తి గారూ, తాము పాఠ్యాంశమును విడిచి మిరపకాయ వైపు మళ్ళుటకు కారణమేమి?"

"గుర్రాలండి. నా క్లాసు మళ్ళీ ఎప్పుడిస్తారండీ?"

"గుర్రాలంటే గుర్తొచ్చింది" అన్నారు వజ్రపాణి గారు, కుర్చీలో వెనక్కి వాలి. "మా తాతగారికి జట్కా ఉండేదండోయ్. తుని స్టేషన్లో దిగితే చాలు, ఆ గుర్రం మమ్మల్ని వాసనపట్టేసేది."

"తుని అంటే తమలపాకులే చెప్పుకోవాలండి" అన్నారు రెండో సభ్యుడు.

"తమలపాకులకేం గానీ, భోజనం సంగతి చెప్పండి. ఆకు దాని తర్వాత కదా" అన్నారు మూడో సభ్యుడు. పూతరేకుల్లో బెల్లమా, పంచదారా అన్న మాట వచ్చింది. అది తేలకపోవడంతో, తేల్చుకోవడానికి అటెండర్ని ఆత్రేయపురం పంపించారు.

భానుమూర్తి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. మామూలు రోజుల్లో అయితే జట్కా పేరు వినగానే ఆయన ఎక్కి కూర్చునేవాడే. కానీ ఇప్పుడు ఆయన బుర్రలో గెస్టు లెక్చరరు నోట్సు చెబుతున్నాడు, సువార్త తల వంచుకుని రాసుకుంటోంది. మిగతా ఏ మాటా ఆ బుర్రలోకి దూరలేకపోయింది.

"నా క్లాసు ఎప్పుడిస్తారండీ?"

ఎండలు ముదిరినా కమిటీ కూర్చుంటూనే ఉంది. పూతరేకుల నుంచి కొబ్బరి ధర, కొబ్బరి ధర నుంచి తుపాను, తుపాను నుంచి వజ్రపాణి గారి ఇంటి కప్పు, కప్పు నుంచి మేస్త్రీల మోసాలు. ప్రతి సమావేశంలోనూ ఎప్పుడో ఒకప్పుడు భానుమూర్తి వైపు తిరిగి, "తాము చెప్పుకొనవలసినదేమైనా ఉన్నదా?" అనేవారు. "నా క్లాసు ఎప్పుడిస్తారండీ?" అనేవాడు ఆయన. స్టెనో అది కూడా రాసేవాడు.

చివరికి ఆ రాతలన్నీ పరాంకుశం గారు ముందేసుకుని చదివారు. చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. విచారణ పొడుగునా విషయాంతరం జోలికి పోనివాడు ముద్దాయి ఒక్కడే. పరాంకుశం గారి నివేదిక ఇలా ముగిసింది:

"సభ్యులు జట్కాలు, తాంబూలము, పూతరేకులు మున్నగు అనేక ప్రలోభములు కల్పించినను, ఆచార్యులవారు ఒకే విషయము నుండి రవ్వంతయు చలింపలేదు. వారు నిర్దోషులని మాత్రమే గాక, ఆదర్శప్రాయులనియు భావించడమైనది."

"నేను కొవ్వొత్తి ముందు కూడా ఇంత నిలకడగా లేనయ్యా!" అన్నారు వైస్ ఛాన్సలర్ గారు. ఆ సాయంత్రమే ఉత్తర్వులు వచ్చాయి. కొత్తగా నెలకొల్పిన ఏకాగ్రతా కేంద్రానికి డైరెక్టరుగా ప్రొఫెసర్ భానుమూర్తి గారిని నియమించడమైనది. గది, కారు, అటెండరు. బోధనా బాధ్యతల నుంచి శాశ్వత విముక్తి.

భానుమూర్తి ఆ కాయితం పట్టుకుని ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నిర్దోషినని తేల్చి మరీ క్లాసు లాక్కున్నారు ఇందూ. గిడ్డంగే నయం. కనీసం అక్కడ పిల్లల దస్తూరీ అన్నా కనబడేది." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వద్దని రాసిచ్చేస్తాను."

"రాసిస్తే ధిక్కారమంటారు. ఉండండి, ఇలా ఇవ్వండి." ఇందుమతి లెక్కల మేష్టరు. కాయితాన్ని మాటమాటా విడదీసి చదివింది. "నిర్దోషి అన్నారు కాబట్టి రేపట్నుంచి క్లాసు మీదే. డైరెక్టరుగా ఛార్జి తీసుకుని సంతకం పెట్టిన క్షణం నుంచీ బోధన ఉండదు. అంతే కదా?"

"అంతే."

"అయితే రేపు తిన్నగా వెళ్ళి సంతకం పెట్టేసి రండి" అంది ఇందుమతి కాయితం మడిచి ఇచ్చేస్తూ. "ఒక్కరే వెళ్ళండి. నాకు వేరే పనుంది. పిన్నీసు కూడా కనబళ్ళేదు."

మర్నాడు భానుమూర్తి ఇస్త్రీ చొక్కా వేసుకుని నిజంగానే పరిపాలనా భవనానికి బయలుదేరాడు. మనసు రాయి చేసుకునే బయలుదేరాడు. దారిలో ఆర్ట్స్ బ్లాకు వరండాలో సువార్త ఎదురొచ్చి, "సార్, ఒక డౌటండీ" అంది. ఒక్క నిమిషంలో చెప్పేసి వెళ్దామని లోపలికెళ్ళాడు. బయటికొచ్చేసరికి ఆఫీసు కట్టేశారు.

ఆ మర్నాడూ బయలుదేరాడు. ఆ పై రోజూ బయలుదేరాడు. ఒక్కనాడూ మానలేదు. ఆఫీసు కారు పంపితే, దారిలో పాతరాయి ఏదో కనబడిందని ఆపించి, దిగి, డ్రైవర్ని కూడా క్లాసుకి పట్టుకొచ్చాడు. పరాంకుశం గారు నిబంధనలన్నీ వెతికారు. ఛార్జి తీసుకోనన్నవాణ్ణి శిక్షించవచ్చు. తీసుకోవడానికి రోజూ బయలుదేరేవాణ్ణి ఏ నిబంధన కిందా శిక్షించలేం. గడువు పొడిగించడానికి మాత్రం నిబంధన ఉంది. పొడిగిస్తూ పోయారు.

ఏకాగ్రత గురించిన సర్క్యులర్లన్నిటి మీదా ఇకమీదట డైరెక్టరే సంతకం పెట్టాలని ఉత్తర్వుల్లో ఉంది. డైరెక్టరు లేడు కాబట్టి సర్క్యులర్లు ఆగిపోయాయి. ఎవరూ చెప్పకపోయినా గంటలు స్టోర్‌రూముకి చేరాయి. లెక్కల ప్రొఫెసరు గేదెని వదిలి సిద్ధాంతాల్లోకొచ్చాడు. అప్పుడప్పుడూ పిల్లలు బతిమాలితే ఆ కోర్టు కేసు ఏమైందో చెబుతాడు. అందరూ ఎవరి పాఠం వాళ్ళు చెప్పుకుంటున్నారు. వరహాలరావు తన ఖాళీ గంటల్లో చరిత్ర క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటున్నాడు.

ఒకరోజు పైనుంచి తనిఖీ బృందం వచ్చింది. ఇంత ప్రశాంతంగా పాఠాలు జరిగే చోటు ఈమధ్య చూడలేదనీ, దీనికి కారకుడైన ఏకాగ్రతా కేంద్రం డైరెక్టరు గారిని ఒకసారి కలుస్తామనీ అడిగారు. పరాంకుశం గారు జీవితంలో మొదటిసారి మామూలు తెలుగులో జవాబు చెప్పారు.

"బయలుదేరారండి. దారిలో ఉన్నారు."

అది అబద్ధం కాదు. సరిగ్గా అదే సమయానికి భానుమూర్తి పాఠం ముగించి, చేతులకంటిన సుద్దపొడి దులుపుకుని, గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

"సార్, మీరు సంతకం పెట్టడానికి వెళ్ళాలి కదండీ?" అంది సువార్త.

"అవునమ్మా, అక్కడికే వెళ్తున్నా. ఇంతకీ చింతపండు మనదేశంలోకి ఎలా వచ్చిందో మీకు చెప్పానా?"

అప్పటికి ఆ కథ వాళ్ళు చాలాసార్లు విన్నారు. కొందరు అప్పజెప్పగలరు కూడా.

"లేద్సార్!" అంది క్లాసంతా ఒక్క గొంతుతో.

భానుమూర్తి వెనక్కి వచ్చి సుద్దముక్క అందుకున్నాడు.